ఆదివారం వైద్యుడు సర్ రాబర్ట్ జోన్స్

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగా నేను గడిపిన ముప్ఫై రెండేళ్ళ గురించి రాస్తే బాగుంటుందన్నారు. ఆ ముచ్చట్లు మా ఇంట్లోవాళ్ళే వినీ వినీ విసిగిపోయారు. మీకూ ఆ శిక్ష ఎందుకని ఊరుకున్నాను. అయితే మొన్నటి సర్వసభ్య సమావేశంలో, ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో చుట్టుపక్కల పల్లెల పిల్లలకు ఉచిత ఎముకల ఆపరేషన్ల శిబిరం పెట్టాలని మనం తీర్మానించుకున్నాం. చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఒక మనిషి గుర్తుకొచ్చి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆయన పేరు సర్ రాబర్ట్ జోన్స్. నేను పుట్టడానికి చాలా ఏళ్ళ ముందే, 1933లో కన్నుమూశారు. పేద పిల్లల కాళ్ళూ చేతులూ ఉచితంగా సరిచేసే పని ఎలా చెయ్యాలో, ఎక్కడ వదిలేస్తే అది చెడిపోతుందో ఆయన జీవితం చెబుతుంది. శిబిరానికి ముందు మనందరం ఆ కథ ఒకసారి తెలుసుకుంటే మంచిదనిపించి ఇది రాస్తున్నాను.

దానికి ముందు ఒక చిన్న జ్ఞాపకం. ఆరో తరగతి నుంచి నాతో చదివిన మిత్రుడొకడు ఉన్నాడు. పేరు రాయను, మా బ్యాచ్ వాళ్ళందరికీ తెలుసు. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. మోకాలు నిలవదు కాబట్టి ప్రతి అడుగుకూ ఎడమ చేత్తో తొడను వెనక్కి నొక్కుకుంటూ నడిచేవాడు. అతని పుస్తకాల సంచీ మాలో ఎవరో ఒకరం మోసేవాళ్ళం. ఊళ్ళో ఒక పెద్దమనిషి జాలిపడి అతనికి క్యాలిపర్ చేయించారు. ఏడాదిపాటు చెయ్యి తొడ మీద వెయ్యకుండా నిటారుగా నడిచాడు. తర్వాత కాలు పెరిగింది, ఇనుప కడ్డీ పెరగలేదు. అది బిగుతై, ఒరుసుకుని, పుండు పడింది. వాళ్ళమ్మ దాన్ని తీసి చూరులో దోపింది. చెయ్యి మళ్ళీ తొడ మీదికి వచ్చింది. చేయించిన పెద్దమనిషికి గాని, మాష్టర్లకు గాని, మాకు గాని దాన్ని సరిచేయించాలన్న ఆలోచన రాలేదు. నేను డాక్టరునయ్యాక ఎన్నోసార్లు తలుచుకున్నది చూరులోని ఆ క్యాలిపర్‌నే.

ఇక రాబర్ట్ జోన్స్ గారి కథ. ఆయన 1857 జూన్ 28న వేల్స్ ఉత్తర తీరంలోని రిల్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి రచననే నమ్ముకుని కుటుంబంతో లండన్ చేరిన మనిషి. ఆ వృత్తి కడుపు నింపేది కాదు. 1873లో, పదహారేళ్ళ రాబర్ట్‌ను లివర్‌పూల్‌లో ఉన్న మేనత్త ఇంటికి పంపించారు. మేనత్త భర్త హ్యూ ఓవెన్ థామస్ అక్కడ వైద్యుడు. ఆ ఇల్లు 11, నెల్సన్ వీధి. ఎముకల వైద్యం చదివినవాళ్ళకు ఆ చిరునామా ఈనాటికీ ఒక పుణ్యక్షేత్రం.

ఆ మామ గురించి చెప్పకుండా అల్లుడి గురించి చెప్పడం కుదరదు. థామస్ గారిది తరతరాలుగా ఎముకలు కట్టే వంశం. మన వైపు ఎముక విరిగితే ముందు పుత్తూరు కట్టుకు పరుగెత్తేవాళ్ళు గదా, అక్కడ ఆ కుటుంబానికి అలాంటి పేరు. తండ్రి ఇవాన్ థామస్ లివర్‌పూల్‌లో కూలీలకు, నావికులకు కట్లు కట్టేవాడు. పట్టా లేదని డాక్టర్లు ఆయన్ను కోర్టులకీడ్చారు. ఆ బాధ తన పిల్లలకు రాకూడదని అయిదుగురు కొడుకులనూ వైద్యం చదివించాడు. పెద్దవాడు హ్యూ పట్టా తెచ్చుకున్నాడు, వంశపు చేతివాటం వదులుకోలేదు. మనిషి పొట్టి, బక్కపలచన. మెడ దాకా బొత్తాలు పెట్టిన నల్లకోటు, చూపు దెబ్బతిన్న కంటిమీదికి వంచిన నావికుల టోపీ, నోట్లో ఎప్పుడూ సిగరెట్టు. ఏ పెద్ద ఆసుపత్రిలోనూ ఆయనకు పదవి లేదు. ఓడరేవు పనివాళ్ళే ఆయన రోగులు. ఇంటి దగ్గరే కమ్మరి, తోలుపనివాడు ఉండేవారు. రోగి కాలు కొలిచి అక్కడికక్కడే ఇనుప కడ్డీ వంచి, తోలు కుట్టి, బిగించి పంపేవారు.

ఆయన వైద్యానికి మూలసూత్రం విశ్రాంతి. జబ్బుపడ్డ కీలును గట్టిగా, మధ్యలో విడవకుండా, అది నయమయ్యేదాకా కదలకుండా ఉంచాలి. ఆ రోజుల్లో క్షయ పట్టిన మోకాలు కనిపిస్తే చాలామంది వైద్యులు కీలు కోసెయ్యడానికో కాలు తీసెయ్యడానికో సిద్ధపడేవారు. థామస్ గారు మాత్రం తను చేసిన చట్రంలో కాలు పెట్టి నెలల తరబడి ఓపిక పట్టేవారు. ఆ చట్రాన్నే మనం ఈనాటికీ థామస్ స్ప్లింట్ అంటున్నాం. వారంలో ఆరు రోజులు తెల్లవారకముందే లేచి పని. ఆదివారం పూర్తిగా డబ్బు లేనివాళ్ళది. ఆ ఒక్కరోజు నెల్సన్ వీధి నిండా చంకకర్రలు, తోపుడు బళ్ళు, భుజాల మీద పిల్లలు.

పదహారేళ్ళ కుర్రాడు రాబర్ట్ ఆ ఆదివారాల మధ్య పెరిగాడు. లివర్‌పూల్ వైద్య పాఠశాలలో చదువు, ఇంటికొచ్చాక మామ దగ్గర కట్లు కట్టడం. 1878లో పట్టా పుచ్చుకుని మామకే సహాయకుడయ్యారు. ఇద్దరి స్వభావాలూ ఉత్తర దక్షిణాలు. థామస్ గారికి ముక్కుమీద కోపం. తోటి వైద్యులతో తగువులాడి, తన పుస్తకాలు తానే అచ్చువేసుకుని, ఒంటరిగా బతికారు. అందుకే ఆయన చెప్పింది నిజమైనా ప్రపంచం చెవిన వేసుకోలేదు. జోన్స్ గారు నెమ్మదస్తులు. నవ్వుతూ మాట్లాడతారు, ఎవరినీ నొప్పించరు. మామ కనిపెట్టినదాన్ని లోకం చేత ఒప్పించడానికి అల్లుడి మంచితనం పనికొచ్చింది. ఒక మంచి పద్ధతి కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని నలుగురి చేత చేయించడం మరో ఎత్తు. జోన్స్ గారి గొప్పతనం ఈ రెండోదాంట్లో ఉందని నేననుకుంటాను.

1888లో ఆయనకు వయసుకు మించిన బాధ్యత వచ్చింది. మాంచెస్టర్ నుంచి సముద్రం వైపుకు 36 మైళ్ళ ఓడల కాలువ తవ్వుతున్నారు. వేలాదిమంది కూలీలు, ఆవిరి యంత్రాలు, రాతి పేలుళ్ళు, రోజూ ప్రమాదాలే. ఆ పని మొత్తానికి జోన్స్ గారిని ప్రధాన శస్త్రవైద్యుడిగా నియమించారు. ఆయన చేసిన మొదటి పని కాలువ పొడవునా ప్రథమ చికిత్స కేంద్రాలు, వాటి వెనక మూడు ఆసుపత్రులు ఏర్పాటు చెయ్యడం. దెబ్బ తగిలిన మనిషిని ముందు దగ్గరి కేంద్రంలో కట్టుకట్టి, కాలువ పక్కన వేసిన రైలు మీద ఆసుపత్రికి చేర్చేవారు. దెబ్బ తగిలిన చోటు నుంచి కోలుకునే మంచం దాకా అంతా ఒకే గొలుసు. ప్రమాద చికిత్సకు ఇంత పద్ధతైన ఏర్పాటు అంతకుముందు ఎక్కడా లేదంటారు. ఒక్కచోట కూర్చుని గొప్పగా కోస్తే చాలదు, రోగి నడిచొచ్చే దారి పొడవునా మనిషి ఉండాలన్న పాఠం ఆయనకు అక్కడే పట్టుబడి ఉంటుంది. తర్వాత పిల్లల కోసం ఆయన అల్లింది కూడా ఈ గొలుసే.

1891 జనవరిలో థామస్ గారు న్యుమోనియాతో పోయారు. యాభై ఏడు కూడా నిండలేదు. ఆయన అంతిమయాత్రకు లివర్‌పూల్ కూలిజనం వీధులు నిండేలా వచ్చింది. నెల్సన్ వీధి ఇల్లు, కమ్మరి కొలిమి, ఆదివారం ఉచిత వైద్యం అన్నీ జోన్స్ గారి చేతికొచ్చాయి. అప్పటికి ఆయన రాయల్ సదరన్ ఆసుపత్రిలో గౌరవ శస్త్రవైద్యులు. పేరు పెరుగుతోంది, ఫీజు ఇవ్వగల రోగులూ వస్తున్నారు. ఆదివారాన్ని మాత్రం ఆయన అమ్ముకోలేదు.

కొత్తదంటే ఆయనకు భయం లేదు. 1895 చివర్లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్-రే కనుక్కున్నారన్న వార్త వచ్చింది. కొద్ది నెలలైనా కాకముందే, 1896 ఫిబ్రవరిలో, మణికట్టులో చిన్న తుపాకి గుండు ఇరుక్కున్న పన్నెండేళ్ళ పిల్లవాడు జోన్స్ గారి దగ్గరికి వచ్చాడు. వెదికితే చేతికి తగలడం లేదు. లివర్‌పూల్‌లోనే ఉన్న భౌతిక శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ సాయంతో ఆ చేతికి ఎక్స్-రే తీయించి గుండు ఎక్కడుందో చూశారు. వైద్యానికి ఎక్స్-రే వాడిన తొలి సందర్భాల్లో అదొకటి.

ఆ కాలపు పిల్లల పరిస్థితి కొంచెం చెప్పాలి. లివర్‌పూల్ లాంటి ఊళ్ళలో ఫ్యాక్టరీ పొగకు ఎండ పడదు. ఎండా, సరైన తిండీ లేక ఎముకలు మెత్తబడి, కాళ్ళు విల్లులా వంగిపోయే రికెట్స్ జబ్బు ఇంటింటా ఉండేది. క్షయ ఉన్న ఆవుల పాలు కాచకుండా తాగడం వల్ల ఎముకలకూ కీళ్ళకూ క్షయ పట్టేది. తుంటి కుళ్ళిన పిల్లలు, వెన్ను గూనైన పిల్లలు ఎందరో. పోలియో ఉంది, పుట్టుకతో మెలితిరిగిన పాదాలున్నాయి. మామూలు ఆసుపత్రులు ఇలాంటి పిల్లల్ని చేర్చుకోవడానికి వెనకాడేవి. ఒక్కొక్కరికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు మంచం ఇవ్వాలి మరి. అందుకని మూల గదిలో పడుకోబెట్టేవారు, లేకపోతే వీధిలో అడుక్కునేవారు.

ఇలాంటి పిల్లల కోసం వేల్స్ సరిహద్దుల్లో, ష్రాప్‌షైర్‌లోని బాస్‌చర్చ్ అనే పల్లెలో 1900లో ఒకామె ఇల్లు తెరిచింది. పేరు ఆగ్నెస్ హంట్. పెద్దింటి పిల్లే. పదేళ్ళప్పుడు మడమ మీద లేచిన బొబ్బ చీముపట్టి, అది ఎముకలకు పాకి, తుంటి పాడైంది. జీవితాంతం కుంటుతూనే నడిచింది. ఆ కాలుతోనే నర్సు శిక్షణ పొందింది. స్నేహితురాలు ఎమిలీ గుడ్‌ఫర్డ్‌తో కలిసి కోలుకునే పిల్లల కోసం ఆ ఇల్లు నడిపింది. ఇంటి మెట్లు ఇరుకు. చట్రాల్లో ఉన్న పిల్లల్ని పైకి మొయ్యలేక పెరట్లో ఒక వైపు తెరిచి ఉన్న రేకుల షెడ్డు వేసి అక్కడే పడుకోబెట్టారు. చలిలో, గాలిలో పిల్లలు ఏమవుతారోనని అందరూ భయపడ్డారు. పిల్లలు మాత్రం తేరుకుని ఒళ్ళు చేశారు. అవసరం కొద్దీ చేసిన ఆ పనిలోంచే ఆరుబయలు ఆసుపత్రి పుట్టింది.

ఆగ్నెస్ హంట్ తన తుంటి చూపించుకోవడానికి లివర్‌పూల్ వెళ్ళి జోన్స్ గారిని కలిసింది. ఆ తర్వాత తన పిల్లల్ని కూడా రైల్లో ఆయన దగ్గరికి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. చట్రాలు, తోపుడు బళ్ళు, చంకకర్రలతో ఆ పటాలం రైలు ఎక్కడం దిగడం ఎంత ప్రయాసో ఊహించుకోండి. చివరకు జోన్స్ గారే బాస్‌చర్చ్ రావడం మొదలుపెట్టారు. 1904 నాటికి ఆ ఇంటికి ఆయన గౌరవ శస్త్రవైద్యులు. గౌరవ అంటే జీతం లేకుండా అని అర్థం. మొదట్లో అక్కడ ఆపరేషన్ గది కూడా లేదు, ఇంట్లోని బల్ల మీదే ఆపరేషన్లు. ఇంగ్లండ్‌లో పేరుమోసిన శస్త్రవైద్యుడు, వారమంతా పనిచేసి, మిగిలిన సమయంలో రైలెక్కి ఒక పల్లెకు వచ్చి, ఒక కుంటి నర్సు ఇంట్లో పేదపిల్లలకు ఆపరేషన్లు చెయ్యడం. ఈ కథ ఇక్కడితో ఆగినా మనం చప్పట్లు కొట్టేవాళ్ళం.

అసలు సంగతి దీని తర్వాతే ఉంది. ఆపరేషన్ అయి, నెలల తరబడి షెడ్డులో ఉండి, కాలు తిన్నగా అయ్యాక పిల్లవాణ్ణి ఇంటికి పంపేవారు. కొన్నాళ్ళకు కొందరు పిల్లలు మళ్ళీ వంకర కాళ్ళతో తిరిగొచ్చారు. చట్రం పగిలితే బాగుచేసేవాడు లేడు. కాలు పెరిగితే కడ్డీ మార్చేవాడు లేడు. తల్లి పొలం పనికో ఫ్యాక్టరీకో పోతుంది, కట్టు వదులైందని ఆమెకు ఎవరు చెబుతారు? తిరిగి చూపించుకుందామంటే రైలు ఛార్జీలు లేవు. శస్త్రవైద్యుడు కష్టపడి సంపాదించిపెట్టిందంతా పేదరికం నెమ్మదిగా తిరిగి లాగేసుకుంటోంది. అందుకని 1907లో ఆస్వెస్ట్రీ అనే ఊళ్ళో మొదటి అనంతర చికిత్సా కేంద్రం పెట్టారు. ఒక అద్దె గది, ఒక నర్సు, కట్లు, పనిముట్లు. ఇంటికి వెళ్ళిన పిల్లలు ఫలానా రోజున అక్కడికి వస్తే చాలు. నర్సు చట్రం చూస్తుంది, బిగిస్తుంది, సడలిస్తుంది, తల్లికి నేర్పుతుంది. అవసరమైనవాళ్ళను శస్త్రవైద్యుడు వచ్చిన రోజున చూపిస్తుంది. ఒక ఊరి తర్వాత ఒక ఊళ్ళో ఇలాంటి కేంద్రాలు వెలిశాయి. వాటి వల్ల ఇంకో మేలు జరిగింది. జబ్బు ముదరకముందే పసిపిల్లల్ని తీసుకురావడం మొదలైంది. అంతకుముందు ఆపరేషన్ తప్పదనుకున్న పిల్లలు ఇప్పుడు కట్లతోనే బాగుపడ్డారు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ మిత్రులమూ కలిసి ఒక ఉచిత శిబిరం నడిపాం. ఎక్కడ, ఎవరి ఆధ్వర్యంలో అన్నది ఇప్పుడు అనవసరం. మూడు రోజులు రాత్రీ పగలూ పనిచేశాం. పూలదండలు వేశారు, ఫోటోలు తీశారు. అందులో ఏడేళ్ళ పాప ఒకర్తె. పోలియో వల్ల మడమ వెనక నరం బిగుసుకుపోయి మునివేళ్ళ మీద నడిచేది. ఆ నరాన్ని సాగదీసి కట్టు వేశాను. కట్టు తీశాక పాదం నేలకు పూర్తిగా ఆనింది. క్యాలిపర్ ఇచ్చాం. మూడేళ్ళ తర్వాత మా ఆసుపత్రి వరండాలో అదే పాప మళ్ళీ మునివేళ్ళ మీద నిలబడి ఉంది. క్యాలిపర్ ఎనిమిది నెలలకే చిన్నదైందట. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని అడగాలో వాళ్ళకు తెలియదు. శిబిరం పెట్టినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాం. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, పైగా దండం పెట్టింది. నాకు మా మిత్రుడి చూరులోని క్యాలిపర్ గుర్తొచ్చింది. ఆ వారమే జోన్స్ గారి గురించి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. అప్పటిదాకా ఆయన నాకు పాఠ్యపుస్తకంలో ఒక పేరు మాత్రమే.

ఆయన కథలో తర్వాతి ఘట్టం యుద్ధం. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. తొడ ఎముక విరిగిన సైనికులు యుద్ధరంగం నుంచి ఆసుపత్రికి చేరేలోపే రక్తం పోయి, నొప్పికి తట్టుకోలేక చనిపోతున్నారు. విరిగిన కాలు దారి పొడవునా కదులుతూ ఉండటమే దానికి పెద్ద కారణం. జోన్స్ గారు మామ చేసిన చట్రాన్ని ముందుకు తెచ్చారు. ఓడరేవు పేదల క్షయ మోకాళ్ళ కోసం నెల్సన్ వీధి కమ్మరి వంచిన ఆ ఇనుప కడ్డీయే ఇప్పుడు యుద్ధభూమిలో సైనికుల కాళ్ళకు కట్టారు. తొడ ఎముక విరిగినవాళ్ళలో నూటికి 80 మంది చనిపోయేచోట ఆ సంఖ్య 20 దాకా పడిపోయిందని ఆనాటి సైనిక వైద్యుల లెక్క. ఆ లెక్కలో హెచ్చుతగ్గులు ఉన్నా, ఆ చట్రం ఎందరో ప్రాణాలు నిలబెట్టిందన్నది కాదనలేం.

1916లో ఆయన్ను సైనిక ఎముకల చికిత్సకు పర్యవేక్షకుడిగా నియమించారు. దేశమంతటా ప్రత్యేక ఆసుపత్రులు ఏర్పాటు చేయించారు. లండన్‌లోని షెపర్డ్స్ బుష్ ఆసుపత్రి వాటిలో పెద్దది. గాయం మానగానే సైనికుణ్ణి పంపెయ్యకుండా ఆసుపత్రిలోనే వడ్రంగం, తోలుపని, లోహపు పని చేయించి చేతికీ కాలికీ మళ్ళీ సత్తువ తెప్పించారు. 1917లో అమెరికా నుంచి యువ శస్త్రవైద్యుల బృందం వచ్చి ఆయన కింద పనిచేసి నేర్చుకుంది. అదే ఏడాది ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. యుద్ధం ముగిసేనాటికి ఆయన మేజర్ జనరల్. ఆ 1918లోనే భార్య సుసానా మరణించారు. పైకి బిరుదులు వస్తున్న కాలంలోనే ఇల్లు బోసిపోయింది.

యుద్ధం అయిపోయింది. అరవై దాటిన మనిషి, హోదా ఉంది, హాయిగా కూర్చోవచ్చు. ఆయన మాత్రం మళ్ళీ పిల్లల వైపు తిరిగారు. సైనికుల కోసం దేశం ఇంత చెయ్యగలిగినప్పుడు పిల్లల కోసం ఎందుకు చెయ్యలేదన్నది ఆయన ప్రశ్న. 1919లో శిష్యుడు గర్డిల్‌స్టోన్‌తో కలిసి ఒక జాతీయ పథకం ప్రచురించారు. ప్రతి ప్రాంతానికీ పొగకు దూరంగా పల్లెపట్టున ఒక పెద్ద ఎముకల ఆసుపత్రి. దాని చుట్టూ ఊరూరా చిన్న కేంద్రాలు. ఆ కేంద్రాల్లోనే పిల్లల్ని ముందుగా కనిపెట్టడం, ఆసుపత్రికి పంపడం, తిరిగొచ్చాక ఏళ్ళ తరబడి చూసుకోవడం. చదివితే ఓడల కాలువ గొలుసు, బాస్‌చర్చ్ షెడ్డు, ఆస్వెస్ట్రీ అద్దె గది మూడూ అందులో కనిపిస్తాయి. ఆ మరుసటి ఏడు వికలాంగుల సంక్షేమానికి ఒక కేంద్ర సంఘం ఏర్పడింది. ఆ పద్ధతిలో దేశంలో ఆసుపత్రులు, కేంద్రాలు విస్తరించాయి.

బాస్‌చర్చ్ ఇల్లు చాలక 1921లో ఆస్వెస్ట్రీ దగ్గర యుద్ధకాలపు ఆసుపత్రి భవనాల్లోకి మారింది. 1926లో జోన్స్ గారికి బారొనెట్ హోదా, ఆగ్నెస్ హంట్‌కు డేమ్ బిరుదు ఒకే ఏడు వచ్చాయి. మరుసటి ఏడు ఆమె వికలాంగులకు చేతిపనులు నేర్పే కళాశాల పెట్టింది. నిలబడగలిగిన పిల్లవాడు తన కూడు తాను సంపాదించుకునేదాకా పని పూర్తికానట్టే లెక్క. 1933 జనవరి 14న, 75 ఏళ్ళ వయసులో, జోన్స్ గారు వేల్స్‌లోని కూతురి ఇంట్లో కన్నుమూశారు. చితాభస్మాన్ని లివర్‌పూల్ కెథడ్రల్‌లో ఉంచారు. ఆస్వెస్ట్రీ ఆసుపత్రి ఇప్పటికీ రాబర్ట్ జోన్స్, ఆగ్నెస్ హంట్ ఇద్దరి పేర్లతోనే నడుస్తోంది. శస్త్రవైద్యుడి పేరు పక్కన నర్సు పేరు సమానంగా ఉండటం నాకెంతో నచ్చిన విషయం. కోసినవాడూ కాపాడినామే కలిస్తేనే ఆ పని అయింది.

ఇప్పుడు మన సంగతి. కాలం మారింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో పోలియో పోయిందని ధ్రువీకరించారు. అయినా పుట్టుకతో మెలితిరిగిన పాదాలున్న పిల్లలు పుడుతూనే ఉన్నారు. వాళ్ళకు ఇప్పుడు పెద్ద ఆపరేషన్ కూడా అక్కర్లేదు. పుట్టిన కొద్దివారాల్లో తీసుకొస్తే, వారానికొకటి చొప్పున కొన్ని సిమెంటు కట్లు, తర్వాత మడమ నరానికి చిన్న గాటు, అంతే పాదం తిన్నగా వస్తుంది. కానీ ఆ తర్వాత మధ్యలో కడ్డీ ఉన్న బూట్లు మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్ళు వచ్చేదాకా రాత్రిళ్ళు తొడగాలి. పిల్లలు ఏడుస్తారు, తల్లికి జాలేస్తుంది, అమ్మమ్మ తీసెయ్యమంటుంది. తీసేస్తే పాదం మళ్ళీ తిరుగుతుంది. అంటే కట్లు కొన్ని వారాల పని, కనిపెట్టుకుని ఉండటం నాలుగేళ్ళ పని. 1907లో ఆస్వెస్ట్రీ గదిలో కూర్చున్న నర్సు చేసిన పని ఇప్పటికీ అవసరమే.

అందుకని కార్యవర్గానికి ఒక విన్నపం. శిబిరం వద్దని నేను అనడం లేదు. శిబిరానికి తేదీ వేసే ముందు, దాని తర్వాత అయిదేళ్ళపాటు ప్రతి నెలా మొదటి ఆదివారం ఏం చేస్తామో రాసుకుందాం. మన బడి పాత క్రాఫ్టు గది ఖాళీగా ఉంది, హెడ్మాస్టరు గారు వాడుకోమన్నారు. ఒక ఫిజియోథెరపిస్టు, చెప్పులు కుట్టే మనిషి, ఇనుప పని తెలిసిన మనిషి కావాలి. మన పూర్వ విద్యార్థుల్లో ఈ ముగ్గురూ ఉన్నారు. పిల్లల పేర్లు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు రాసిన రిజిస్టరు కావాలి. రాని పిల్లల ఇంటికి వెళ్ళడానికి ఒక మోటారు సైకిలు, దూరం నుంచి వచ్చేవాళ్ళకు బస్సు ఛార్జీలు కావాలి. శిబిరానికి అనుకున్న డబ్బులో మూడో వంతు దీనికి పక్కన పెడితే, ఆపరేషన్ల సంఖ్య తగ్గుతుంది. ఫోటోలో తక్కువ మంది పిల్లలు కనిపిస్తారు. తగ్గనివ్వండి. మనం చూసుకోగలిగినంత మందికే చేద్దాం. చెయ్యలేకపోయిన పిల్లవాడి విషయంలో మన మనసు నొచ్చుకుంటుంది, నిజమే. చేసి వదిలేసిన పిల్లవాడి విషయంలో నొచ్చుకునేది వాడి కాలు.

మొదటి ఆదివారాలకు నేను వస్తాను, ఓపిక ఉన్నంత కాలం. రిజిస్టరు సంగతి మా మిత్రుడికి ఫోన్ చేసి అడిగాను. ఈ ఏడాదే బ్యాంకు నుంచి రిటైరయ్యాడు. ఎప్పుడు మొదలంటే అప్పుడు వస్తానన్నాడు. చూరులోని క్యాలిపర్ గురించి మాత్రం ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.